వీధి దీపాలు – వాటి పేర్లు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

పాఠశాల చరిత్రను గూర్చి చెప్పదగినవారు ఇప్పటికే చెప్పియున్నారు. డెబ్బైఅయిదేళ్ళ పండుగను వజ్రోత్సవమనవలెనా, అమృతోత్సవమనవలెనా, ఉన్నదున్నట్లు ప్లాటినం జూబిలీ అనవలెనా అన్న చర్చ ఆహ్వాన పత్రిక అచ్చువేసే నాడు మా సిబ్బంది గదిలో ఒక పూటంతా సాగింది. పేర్ల విషయంలో ఇంత పట్టుదల గలవాళ్ళము కనుక, నేనీనాడు పేర్లను గూర్చియే మాట్లాడుతాను. అయితే మహనీయుల పేర్లు కావు, మన వీధి స్తంభాల మీద వెలిగే దీపాల పేర్లు. దీపమనగానే జ్ఞానజ్యోతి అని, అజ్ఞాన తిమిరమని ఆరంభించడం మన సభలలో ఆనవాయితీ. నేనాజోలికి పోను. సాయంత్రం ట్యూషను నుండి ఇంటికి నడిచివచ్చే ఆడపిల్లకు స్తంభం మీది దీపం ఉపమానం కాదు, అవసరం.

వీధి దీపమనగానే మన పాఠ్యపుస్తకాలలోను, వక్తృత్వ పోటీలలోను తప్పక వినిపించే కథ ఒకటున్నది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు బీదతనంవల్ల వీధిలోని గ్యాసు దీపం క్రింద చదువుకొన్నాడని పిల్లలు వ్రాస్తారు. విద్యాసాగరుడు 1820లో జన్మించాడు. కలకత్తా సంస్కృత కళాశాలలో చదువు ముగించి బయటికి వచ్చినది 1841లో. కలకత్తా వీధులలో గ్యాసు దీపాలు మొదటిసారి వెలిగినది 1857లో, అనగా ఆయన అప్పటికే పెద్ద పండితుడై, వితంతు వివాహాల కొరకు పోరాడి చట్టం తెప్పించిన మరుసటి సంవత్సరం. కనుక ఆయన వీధి దీపం క్రింద చదివినమాట నిజమే అయితే, అది నూనె దీపమై ఉండవలెనే గాని గ్యాసు దీపం కానేరదు. మద్రాసు హైకోర్టులో తొలి భారతీయ న్యాయమూర్తియైన తిరువారూరు ముత్తుస్వామి అయ్యరు గారిని గూర్చియు ఇటువంటి కథయే ఉన్నది. దీపం ఏదైతేనేమి, చదివినమాట ముఖ్యం గదా అని కొందరు నాతో వాదించారు. చరిత్ర పాఠం చెప్పేవారికి అది చాలదని నా అభిప్రాయం. నూనె దీపం క్రింద అక్షరం చూడడానికి కళ్ళు ఎంత చికిలించుకోవలసి వచ్చేదో తెలిస్తేనే ఆ బాలుని పట్టుదల ఎంతటిదో తెలుస్తుంది. గ్యాసు దీపమని వ్రాసి ఆ కష్టాన్ని మనమే తగ్గిస్తున్నాము.

నూనె దీపాల కాలానికి మనకు మాటల లోటు లేదు. ప్రమిద, సెమ్మె, దివిటీ, కాగడా, కందీలు, లాంతరు, బుడ్డి. కార్తికమాసంలో ధ్వజస్తంభానికి కట్టే ఆకాశదీపం సరే సరి. ఇందులో కందీలు అరబ్బీ మాట, లాంతరు సముద్రం దాటి వచ్చిన మాట. దివిటీకి కన్నడంలో దీవటిగె అన్న తోబుట్టువున్నది. మనకు కూతవేటు దూరంలోని విజయనగరంలో మహానవమి ఉత్సవం చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, సుమారు 1520 ప్రాంతంలో, రాత్రివేళ వెలిగించిన దివిటీలతో ఆ రంగస్థలమంతా పట్టపగలువలె ఉన్నదని వ్రాసిపెట్టాడు. అయితే అది రాజు వెలుగు. ఉత్సవం ముగిస్తే దివిటీలు ఆరిపోతాయి. రాజు రాకపోయినా, పండుగ లేకపోయినా, ఎవరు నడిచినా నడవకపోయినా ప్రతి రాత్రి వెలిగే దీపం మనకు చాలా ఆలస్యంగా వచ్చినది. నిచ్చెన భుజాన వేసుకొని, నూనె డబ్బా చేతబట్టుకొని, సంజవేళ స్తంభం స్తంభానికి ఎక్కి దిగే మునిసిపాలిటీ మనిషిని మా ముందు తరంవారు కథలుగా చెప్పేవారు.

ఇక ‘గ్యాసులైటు’ మాట. లండనులోని పాల్‌మాల్ వీధిని 1807లో బొగ్గునుండి తీసిన గ్యాసుతో వెలిగించారు. గొట్టాల ద్వారా వచ్చే ఆ గ్యాసు మన ప్రాంతపు ఊళ్ళకు ఎన్నడూ రాలేదు. అయినా మన పెళ్ళి ఊరేగింపులలోను, నాటక ప్రదర్శనలలోను గ్యాసులైట్లు వెలిగినవి. బళ్ళారి రాఘవ గారి ఊరివారికి నాటకం పందిట్లో గ్యాసులైటు బుసకొట్టే చప్పుడు ఎట్లుంటుందో వేరే చెప్పనక్కరలేదు. అది పెట్రోమాక్స్ దీపం. గాలి కొట్టి ఒత్తిడి పెంచితే కిరసనాయిలు వేడెక్కి ఆవిరియై, ఆ ఆవిరి మండుతుంది. జర్మనీలో దానిని తయారుచేసిన మాక్స్ గ్రేట్జ్ పేరులోని మొదటి భాగమే మన నోటిలో ‘మాక్స్’ అయి కూర్చున్నది. మండేది ఆవిరియే కనుక మన పెద్దలు గ్యాసులైటు అనడం శాస్త్రరీత్యా తప్పేమీ కాదు. కాని అసలు వెలుగునిచ్చేది మంట కాదు, దాని చుట్టూ కట్టిన మాంటిల్. దీనిని 1885లో కార్ల్ అవర్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు. ఆ థోరియం కొరకు ప్రపంచమంతా వెదకుచుండగా 1909లో తిరువాన్కూరు సముద్రతీరపు ఇసుకలో మోనజైట్ బయటపడింది. ఐరోపా వీధుల వెలుగు వెనుక మన దక్షిణాది ఇసుక ఉన్నదన్నమాట. భూగోళశాస్త్రంలో ఒక మార్కు ప్రశ్నగా అడిగి విడిచిపెట్టే మోనజైట్‌కు ఇంత కథ ఉన్నది.

విద్యుత్తు సంగతికి వస్తాను. శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో నూరు కిలోమీటర్లకు మించిన దూరం ప్రయాణించి మొదట కోలారు బంగారు గనులకు చేరినది. ఆ గనులలో చెమటోడ్చినవారిలో చిత్తూరు వైపునుండి వెళ్ళిన తెలుగువారెందరో ఉన్నారు. 1905 ఆగస్టులో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగినవి. ఇది ‘ఆసియాలోనే మొదటిది’ అని మన పిల్లలు ఉత్సాహంగా వ్రాస్తారు. నేను ఎర్ర సిరాతో కొట్టివేస్తాను. షాంఘై వీధులలో 1882లోనే విద్యుద్దీపాలున్నవి. అవి ఆర్క్ దీపాలు, మన పుస్తకాల భాషలో చాప దీపాలు. రెండు కర్బన కడ్డీల నడుమ విల్లువలె వంగి దూకే నిప్పు అది. కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు, రోజూ కడ్డీలు మార్చవలసిన చాకిరీ. దీపం రకం చెప్పకుండా మొదటిది, రెండవది అని పందెం వేయరాదు.

మన పాఠశాల పుట్టిన నాటికి బళ్ళారి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉన్నది. తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై ఇంకా సాగుచున్నది. 1953 అక్టోబరు ఒకటవ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజుననే మనము మైసూరు రాష్ట్రంలో చేరాము. అదే ఏట ఆనకట్ట పూర్తయింది. సరిహద్దు మారినది గాని మన నోటిలో మాటలు మారలేదు, రెండింతలైనవి. మనం వీధి దీపమంటే ప్రక్కింటివారు బీది దీప అంటారు. రెండూ ఒక్క సంస్కృత పదం బిడ్డలే. కంబమన్న మాట ఇరువురికీ ఉమ్మడి సొత్తు. మనకు ఆవిరి, వారికి ఆవి.

విద్యుద్దీపాలలో మొదటి తరం తంతువు వేడెక్కి వెలిగేది. టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాలితే వెలుగు వస్తుంది, దానికంటె ఎక్కువ వేడి వస్తుంది. ఒక వాటుకు పన్నెండు, పదిహేను ల్యూమెన్ల వెలుగు, వెయ్యి గంటల ఆయుస్సు. మనం దానిని బల్బు అన్నాము. బల్బు అంటే గాజు బుడ్డి మాత్రమే. బుడ్డి పేరు దీపానికి పెట్టుకొన్నాము, పూర్వం కిరసనాయిలు దీపాన్ని బుడ్డి అన్నట్లే.

రెండవది 1938లో అమెరికాలో విక్రయానికి వచ్చిన ఫ్లోరసెంటు దీపం. దాని అసలు పేరు మన వీధిలో ఎవరికీ తెలియదు. నాలుగడుగుల పొడవు, నలభై వాట్లు, దాని పేరు ట్యూబులైటు. తరగతిలో అడిగిన ప్రశ్నకు కొంచెం ఆలస్యంగా జవాబు చెప్పే పిల్లవానికి కూడ అదే పేరు. మీట నొక్కగానే వెలుగక, స్టార్టరు రెండు మూడుసార్లు మిటకరించి, కొనలు వేడెక్కిన తరువాత వెలుగుతుంది గనుక ఈ బిరుదు. నేను పిల్లలకు చెప్పేదేమనగా, ఆలస్యంగా వెలిగినా బల్బుకంటె నాలుగైదు రెట్ల వెలుగిస్తుంది, వేడి తక్కువ. ఇక్కడ కూర్చున్న పూర్వ విద్యార్థులలో ఆ బిరుదు పొందినవారు ఇద్దరు ముగ్గురున్నారు. వారి పేర్లు చెప్పను. ఇప్పుడు ఇంజనీర్లుగా ఉన్నారు.

ఇక నేను నిలిచి మాట్లాడదలచినది మూడవ తరాన్ని గూర్చి. పాదరసపు ఆవిరి దీపం, సోడియం ఆవిరి దీపం. వీటిలో తంతువు ఎర్రబడి వెలుగదు. గొట్టంలోని ఆవిరి గుండా విద్యుత్తు ప్రవహించి ఆ పరమాణువులే వెలుగుతాయి. మన పదవ తరగతి పుస్తకంలో ఉత్సర్గ నాళమంటారు. పాదరసపు దీపం నీలి ఛాయగల తెలుపు. ఎనభై, నూట ఇరవైఅయిదు, రెండువందల యాభై, నాలుగువందల వాట్లలో దొరికేది. సోడియం దీపంలో రెండు జాతులున్నవి. అల్ప పీడనంది 1932లో నెదర్లాండ్సులోని ఒక రహదారిపై మొదట పెట్టారు. అది 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఒక్క పసుపు రంగే ఇస్తుంది. దాని క్రింద ఎర్ర చీర, ఆకుపచ్చ చీర రెండూ బూడిద రంగే. అధిక పీడనంది 1960ల నడుమ వచ్చినది. వేడి సోడియం మామూలు గాజును తినివేస్తుంది గనుక దానికి అల్యూమినా పింగాణీ గొట్టం కనిపెట్టేదాక ముప్ఫై ఏళ్ళు ఆగవలసి వచ్చినది. మన రహదారులపై బంగారు పసుపు వెలుగు పరచినది ఇదే. వాటుకు నూరు ల్యూమెన్ల వరకు ఇవ్వగలదు, పాదరసపు దీపానికి దాదాపు రెట్టింపు. రాత్రి రైలు కిటికీలోనుండి చూస్తే ఏ ఊరైనా ఒక్క రంగుగా కనిపించిన కాలమది.

ఈ దీపాలన్నిటికీ చోకు ఉండవలెను. చోకు అనగా గొంతు నొక్కునది. ఉత్సర్గ నాళం ఒకసారి వెలిగితే విద్యుత్తును అదుపు లేకుండ లాగుకొంటుంది, చోకు ఆ గొంతును పట్టుకొని నిలుపుతుంది. సోడియం దీపానికి అదనంగా ఇగ్నైటరు ఉంటుంది. వేల వోల్టుల చిన్న చిన్న తాకుళ్ళతో అది దీపాన్ని మేలుకొల్పుతుంది. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే ఈ దీపాలు వెంటనే వెలుగవు, చల్లారేదాక ఆగుతాయి. ‘కరెంటు వచ్చింది, వీధి దీపం ఇంకా రాలేదేమి’ అని అమ్మమ్మలు అడిగేవారు గదా, కారణమిది.

ఈ వివరమంతా దేనికని మీరడుగవచ్చు. ఎల్.ఇ.డి. దీపాలు మన వీధికి రాకముందు జరిగిన సంగతి చెప్తాను. బడికి దగ్గరి సందులో ఒక దీపం సరిగా వెలుగక, చీకటిపడిన తరువాత ఆడపిల్లలను ప్రత్యేక తరగతులకు పంపలేమని నలుగురైదుగురు తల్లులు నావద్దకు వచ్చి చెప్పారు. పరీక్షల కాలం. సంబంధిత కార్యాలయానికి ‘దీపం వెలుగుట లేదు’ అని పిల్లలే వ్రాశారు. మనిషి వచ్చి చూచినప్పుడు దీపం వెలుగుచున్నది. ఫిర్యాదు సరికాదని వ్రాసుకొని వెళ్ళిపోయాడు. రెండవసారీ అంతే. ఆ మనిషిది అబద్ధం కాదు, పిల్లలదీ అబద్ధం కాదు. అప్పుడు తొమ్మిదవ తరగతి పిల్లలు నలుగురు, ఇంటి అరుగు మీద పెద్దవారిని తోడుంచుకొని, గడియారం ఎదుట పెట్టుకొని ఆ దీపాన్ని వరుసగా మూడు రాత్రులు కనిపెట్టారు. వెలుగుతుంది, కొన్ని నిమిషాలకు ఆరిపోతుంది, చల్లారి మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆరుతుంది. ఆయుస్సు తీరిన సోడియం దీపం లక్షణమే అది. వయసు మీరినకొద్దీ దానికి కావలసిన వోల్టేజి పెరిగిపోతుంది, వేడెక్కిన తరువాత చోకు అంత ఇవ్వలేదు, దీపం ఆరిపోతుంది. పిల్లలు దానికి దాగుడుమూతల దీపమని పేరు పెట్టారు. మూడవ ఉత్తరం కన్నడంలోను తెలుగులోను వ్రాశారు. స్తంభం సంఖ్య, సోడియం దీపమన్న మాట, ఎన్ని నిమిషాలకు ఆరి ఎన్ని నిమిషాలకు వెలుగుచున్నదన్న పట్టిక, తీగెలో గాని చోకులో గాని లోపం ఉండకపోవచ్చు, దీపం మార్చవలెనన్న మనవి. వారం తిరుగకముందే దీపం మారింది. ప్రత్యేక తరగతులకు పిల్లలు వచ్చారు. తెలుగు మాధ్యమంలో చదివితే పిల్లలు పైకి ఎట్లా వస్తారని నన్ను అడిగే తల్లిదండ్రులు ఏటేటా పెరుగుచున్నారు. వారితో నేను వాదానికి దిగను. ఆ ఉత్తరం నకలు నా బీరువాలో ఉన్నది, తీసి చూపిస్తాను.

పేరు సరిగా చెప్పడంలో పెద్దవారికీ చిక్కులున్నవి. అమెరికా దీపాల సంకేతాలలో హెచ్ అన్న అక్షరం పాదరసపు దీపానికి గుర్తు, పాదరసం రసాయన సంకేతంలో ఆ అక్షరమున్నది గనుక. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం పద్ధతిలో అదే హెచ్ హాలోజెన్ దీపానికి గుర్తు, పాదరసానికి క్యూ అన్న అక్షరం ఇచ్చారు. ఎస్ అంటే సోడియమని మాత్రం ఇరువురూ ఒప్పుకొన్నారు. ఇంగ్లీషు మాధ్యమంలో ఉన్నంత మాత్రాన పేర్లలో గందరగోళం పోదని ఇందువల్ల తెలుస్తుంది. అట్లే దీపం వేరు, దీపాన్ని పట్టియుంచే గూడు వేరు. మన ఎలక్ట్రీషియన్లు గూటిని ఫిట్టింగు అంటారు, గ్రంథాలలో లూమినేరు అంటారు. ‘హైమాస్టు లైటు’ అని మనం కూడలిలో చూపించేది దీపం పేరు కాదు, స్తంభం పేరు. ఇరవై, ముప్ఫై మీటర్ల స్తంభం అది. దానిమీద ఒకప్పుడు సోడియం ఉండేది, తరువాత మెటల్ హాలైడ్ వచ్చినది, ఇప్పుడు ఎల్.ఇ.డి. ఉండవచ్చు.

ఏ వీధికి ఎంత వెలుగుండవలెనో మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 1944 చెప్తుంది. అది సంవత్సరం కాదు, ప్రమాణం సంఖ్య. పిల్లలు పొరబడుతుంటారు. ముఖ్య రహదారికి సగటున ముప్ఫై లక్సులు, దాని తరువాతి తరగతికి పదిహేను, రాకపోకలు బాగా ఉన్న లోపలి వీధికి ఎనిమిది, తక్కువగా ఉన్న వీధికి నాలుగు. వాహనాల లెక్కను బట్టి చేసిన విభజన ఇది. బడి ఉన్న సందు నాలుగు లక్సుల వీధి అవుతుంది. నడిచే ఆడపిల్లల లెక్కను బట్టి చేస్తే అంకెలు వేరుగా ఉండేవని నాకు తోస్తుంది.

ఎల్.ఇ.డి.ని గూర్చి మీకందరికీ తెలిసినదే, త్వరగా ముగిస్తాను. ప్రకాశవంతమైన నీలి కాంతి డయోడ్ 1990ల తొలినాళ్ళలో సాధ్యమయింది, దానికి 2014లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చింది. నీలి వెలుగు మీద పసుపు పూత వేస్తే తెలుపవుతుంది. అదే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణాన్ని కమ్మివేసినది. ఆ తరువాత కొద్ది నెలలలోనే ఆ నగరంలో తొంభై వేలకు పైగా వీధి దీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చారు. 2015 జనవరిలో మొదలైన జాతీయ పథకం క్రింద దేశమంతటా మారినవి కోటికి మించినవి. పాదరసం విషయమై 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని అనుసరించి పాదరసపు ఆవిరి వీధి దీపాల తయారీకి 2020తో గడువు ముగిసింది. ట్యూబులైట్లకూ 2027ను గడువుగా నిర్ణయించారు. ఎల్.ఇ.డి. విషయంలో మీరు తెలుసుకొనవలసిన పేరు ఒకటే. డబ్బా మీద కెల్విన్ అంకె చూడండి. 2700, 3000 అంటే పసుపుపచ్చని వెలుగు, 6500 అంటే నీలి తెలుపు. అంకె పెద్దదైనకొద్దీ ‘చల్లని’ వెలుగంటారు, వేడిమి లెక్కలో అది ఎక్కువైనా సరే. కంటికి గుచ్చుకొనే తెలుపే మంచి వెలుగని భ్రమపడకండి. ముసలివారి కళ్ళకు అది ఇబ్బంది.

ఎనిమిదవ నంబరు గదిలో పిల్లలు ఈ దీపాలన్నిటినీ వరుసగా పెట్టారు. ఒక్కొక్క దానికి తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడు భాషలలో చీటీలున్నవి. ఎల్.ఇ.డి.కి పుస్తకంలోని ‘కాంతి ఉద్గార డయోడ్’ వ్రాయవలెనా, నోటిలోని ‘ఎల్.ఇ.డి.’ వ్రాయవలెనా అని తగవుపడి రెండు చీటీలు అంటించారు, అట్లే ఉండనిచ్చాను. వెలిగే పెట్రోమాక్స్ ఒక్కటి కూడ మాకు దొరకలేదు. పూర్వ విద్యార్థుల ఇండ్లలో అటక మీద ఉంటే ఆదివారం లోగా తెచ్చి ఇవ్వగలరు, ప్రదర్శన ముగియగానే జాగ్రత్తగా తిరిగి ఇస్తాము. పాత పాదరసపు దీపాలు మాత్రం తేవలదు. అవి పగిలితే గదిని ఖాళీ చేయవలసి వస్తుంది.